దొడ్డి నేలలో కన్నాలు చేసే ఈగలు: అవేమిటో పోల్చుకోవడం ఎలా

అమలాపురానికి దగ్గరలోని మీ ఊళ్ళో, ఇంటి వెనుక పశువుల పాకకూ కొబ్బరిచెట్ల వరుసకూ నడుమ ఉన్న ఖాళీ జాగాలో, వారం రోజులుగా వందలకొద్దీ ఈగలు నేలకు జానెడెత్తున అటూ ఇటూ తిరుగుతున్నాయని మీరు రాశారు. నేలంతా చిన్న చిన్న కన్నాలు పడి, ఒక్కొక్క కన్నం చుట్టూ పొడిమట్టి పోగుపడి ఉందని, ఇరుగుపొరుగువారిలో ఒకరు కిరసనాయిలు పొయ్యమంటే మరొకరు చెదల మందు పొయ్యమంటున్నారని, ఇంట్లో పసిపిల్ల తిరుగుతున్నందున ఏం చేయాలో తోచడం లేదని అన్నారు. మీరు పంపిన ఫోటో కదిలిపోయింది గాని, ఆ ఈగల పొట్ట మీద లేత నీలి పట్టీలు ఉన్న సంగతి మాత్రం తెలుస్తోంది.

అన్నిటికంటే ముందు మీకు కావలసిన జవాబు ఇది. మీరు వర్ణించిన దానిని బట్టి అవి నేలలో గూళ్ళు చేసుకునే ఒంటరి తేనెటీగలు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. అవి తేనెపట్టు పెట్టవు, దండు కట్టి మనుషుల మీద పడవు. ఆ కన్నాల్లో ఏమీ పోయవద్దు. రెండు మూడు వారాలు పిల్లను ఆ జాగాలోకి చెప్పులు లేకుండా వెళ్ళనివ్వకండి. అయితే ఫోటో స్పష్టంగా లేదు కనుక, నేను చెప్పింది నిజమో కాదో మీరే తేల్చుకునే పద్ధతి వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే నేలలోంచి వచ్చే ఈగలన్నీ ఇంత సాధువులు కావు. ఒకటి రెండు రకాలు నిజంగానే ప్రమాదకరమైనవి.

మన వైపు ఎవరైనా ఈగను పోల్చవలసి వస్తే మొదట రంగు చెబుతారు. పసుపుగా ఉంటే కందిరీగ అని, నల్లగా లావుగా ఉంటే తుమ్మెద అని, గోధుమ రంగులో ఉంటే తేనెటీగ అని అనేసి ఊరుకుంటాం. కోనసీమలో తేనెటీగల పెట్టెలు పెంచినవాడిగా, ఆ పెట్టెల చుట్టూ మూగే నానా రకాల ఈగలను చూసినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, నేల మీద ఎగిరే ఈగ విషయంలో రంగు చివర చూడవలసిన గుర్తు. మొదట చూడవలసింది కన్నం. ఒక కన్నంలోకి ఎన్ని ఈగలు పోతున్నాయి, పోయేటప్పుడు ఏం మోసుకుపోతున్నాయి, ఆ కన్నం ఎలాంటి నేలలో ఉంది అన్న మూడు సంగతులు తెలిస్తే, రంగు చూడకుండానే సగానికి పైగా తేలిపోతుంది.

దీనికి చేయవలసిన పని చిన్నదే. ఎండ బాగా వచ్చిన తరువాత, ఉదయం తొమ్మిది పది గంటల ప్రాంతంలో, ఆ జాగాకు రెండు బారల దూరంలో పీట వేసుకుని కదలకుండా కూర్చోండి. పైన తిరుగుతున్న గుంపును పట్టించుకోకుండా ఒకే ఒక కన్నాన్ని ఎంచుకుని దాని మీదే చూపు నిలపండి. అరగంట ఓపిక పడితే చాలు.

పైన తిరిగే ఆ గుంపును పట్టించుకోవద్దు అనడానికి కారణం ఉంది. ఒంటరి తేనెటీగల్లో సాధారణంగా మగవి ముందుగా నేలలోంచి బయటికి వస్తాయి. వెనుక రాబోయే ఆడవాటి కోసం అవి అదే నేల మీద, ఒకదాన్నొకటి ఢీకొంటూ, ఉదయం నుంచి ఎండ తగ్గేదాకా ముగ్గులు వేసినట్టు తిరుగుతూనే ఉంటాయి. చూసేవారికి అది దాడికి సిద్ధమైన దండులా కనిపిస్తుంది. కాని తేనెటీగల్లోనూ కందిరీగల్లోనూ కుట్టే ముల్లు అనేది గుడ్లు పెట్టే అవయవం మార్పు చెంది ఏర్పడినది కాబట్టి, అది ఆడవాటికే ఉంటుంది. మగవాటికి కుట్టే సాధనమే లేదు. అంటే మీ ఇంట్లోవాళ్ళను భయపెడుతున్న గుంపులో చాలా భాగం కుట్టడం చేతకాని ఈగలే. కుట్టగలిగిన ఆడ ఈగ ఈ సందడిలో పాల్గొనదు. అది తన కన్నం తవ్వుకుంటూనో, పూల మీదికి పోయి వస్తూనో తన పనిలో ఉంటుంది.

ఇక కన్నం సంగతి. మీరు చూస్తున్న కన్నంలోకి అరగంటలో ఒకే ఈగ ఒకటి రెండుసార్లు పోయి వస్తే, పక్క కన్నంలోకి వేరొకటి పోతూ ఉంటే, అది ఒంటరి ఈగల వాడ. ఇళ్ళు పక్కపక్కనే ఉన్నా ఎవరి వంట వారిదే. అక్కడ రాణి లేదు, కాపలాదారులు లేరు, కాపాడుకోవలసిన తేనె నిల్వ లేదు. దీనికి విరుద్ధంగా, నేల మొత్తానికి ఒకటే పెద్ద కన్నం ఉండి, అందులోకి నిమిషానికి పదుల కొద్దీ ఈగలు ఎడతెగకుండా పోయి వస్తూ, రెండు మూడు ఎప్పుడూ అంచున కాపలా ఉన్నట్టు కనిపిస్తే, వెంటనే లేచి నెమ్మదిగా వెనక్కి నడవండి. అది కుటుంబంగా బతికే జాతి. దానికి కోపం వస్తే ఒక్కటిగా రాదు.

అలా ఒకే కన్నంలో గుంపుగా ఉండేవి మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు. పాత చెదపుట్టల్లోనూ చెట్ల తొర్రల్లోనూ పట్టు పెట్టే మన నాటు తేనెటీగ, ఏపిస్ సెరనా ఇండికా, మొదటిది. దాన్ని పెట్టెలోకి మార్చవచ్చు గనుక చంపనక్కరలేదు, తేనెటీగలు పెంచేవారెవరికైనా కబురు చేస్తే సంతోషంగా వచ్చి పట్టుకుపోతారు. రెండవది పెద్ద కందిరీగ. నల్లటి ఒంటి మీద పొట్ట మొదట్లో వెడల్పైన పసుపు లేక నారింజ పట్టీ ఉండి, బొటనవేలి పొడవులో దాదాపు సగం ఉండే ఈ రకంలో వెస్పా ట్రోపికా అనేది నేల బొరియల్లోనూ తొర్రల్లోనూ గూడు కడుతుంది. పాడుబడ్డ ఎలుక కలుగుల వంటి చోట్ల దాన్ని తెలియక తొక్కితే ప్రాణం మీదికి వస్తుంది. అది అని తేలితే మీరు గాని మీ పాలేరు గాని చేయి పెట్టకుండా, అందులో అనుభవం ఉన్నవారిని తగిన దుస్తులతో రప్పించి తీయించాలి. మీరు రాసిన దానిలో కన్నాలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ పెన్సిలు దూరేంతే ఉన్నాయి. అందుకే నాకు ఈ భయం లేదు. అయినా అరగంట చూసి నిర్ధారించుకోండి.

తరువాత చూడవలసింది కన్నంలోకి ఏం పోతోంది అన్నది. తేనెటీగ తన పిల్లలకు పుప్పొడి పెడుతుంది, కందిరీగ మాంసం పెడుతుంది. వెనుక కాళ్ళకు పసుపో తెలుపో పొడి అంటుకుని కన్నంలో దిగితే అది తేనెటీగ. పెట్టెల్లో పెంచే తేనెటీగ పుప్పొడిని తేనెతో తడిపి కాలి మీద నున్నటి ఉండగా కడుతుంది. ఒంటరి ఈగల్లో అత్యధికం అలా ఉండ కట్టవు. వెనుక కాలి వెంట్రుకల్లో పొడిని పొడిగానే ఇరికించి తెస్తాయి కాబట్టి కాలంతా పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క గుర్తుతోనే పెంపుడు తేనెటీగనూ నేల ఈగనూ విడదీయవచ్చు. అలా కాక, మిడతనో సాలీడునో గొంగళిపురుగునో కాళ్ళతో పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చి కన్నంలో దిగితే అది వేటకందిరీగ. దాని నడుము సన్నగా ఉంటుంది, కాళ్ళకు పుప్పొడి నిలిచే నూగు ఉండదు. భ్రమరకీటక న్యాయంలో పురుగును గూట్లో పెట్టి చుట్టూ ఝంకారం చేసి తనలా మార్చుకుంటుందని చెప్పే భ్రమరం నిజానికి ఇలాంటి కందిరీగే. గూట్లో పెట్టిన పురుగు మారదు, దాని మీద పెట్టిన గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని తిని పెరిగి బయటికి వస్తుంది. ఈ వేటకందిరీగలు కూడా ఒంటరివే, వాటంతట అవి మనుషుల జోలికి రావు.

మీ పాక పక్కన పెంటపోగు ఉంటుందని అనుకుంటున్నాను. ఉంటే ఇంకొక అనుమానం కూడా తీర్చుకోవాలి. కొబ్బరికి పట్టే కొమ్ము పురుగు తన గుడ్లను పెంటపోగుల్లోనూ కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లోనూ పెడుతుంది. ఆ తెల్లటి లావాటి పిల్లపురుగుల మీద గుడ్లు పెట్టడానికి స్కోలియా జాతి కందిరీగలు వస్తాయి. ఇవి నల్లగా, ఒళ్ళంతా నూగుతో, తరచు పొట్ట మీద పసుపు మచ్చలతో ఉండి, పెంటపోగు మీద బాగా కిందుగా ఎగురుతూ తిరుగుతాయి, మధ్యలో పెంటలోకి దూరిపోతాయి. వీటిని కూడా జనం దండు అనుకుని భయపడతారు. కొబ్బరి రైతు వీటికి దండం పెట్టాలి గాని మందు కొట్టకూడదు. గుంపు పెంటపోగు మీద ఉందా, గట్టి నేల మీద ఉందా అన్నదే ఇక్కడ తేడా. కన్నాలు, పొడిమట్టి కుప్పలు ఉన్నాయన్నారు కనుక మీవి ఇవి కావు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుకలో అయితే మామూలు ఇంటి ఈగల వంటివాటిని వేటాడే బెంబిక్స్ అనే ఇసుక కందిరీగలు కూడా ఇలాగే కలిసి కన్నాలు చేస్తాయి. మీ ఊరు సముద్రానికి దూరం కాబట్టి వాటిని వదిలేద్దాం.

ఇప్పుడు మీ నీలి పట్టీల దగ్గరికి వద్దాం. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం నేలలోనే గూడు చేస్తాయి. మన దేశంలో 700కు పైగా జాతులను గుర్తించారు. పట్టు పెట్టి తేనె ఇచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. నీలి పట్టీలు ఉండి మన దొడ్లలో సాధారణంగా కనిపించేవి రెండు ప్రజాతులు, అంటే దగ్గరి జాతుల గుంపులు. ఒకటి అమెగిల్లా, రెండు నోమియా. ఎగిరేటప్పుడు రెండూ ఒకేలా అనిపిస్తాయి.

అమెగిల్లా ఈగ పెట్టెల్లోని తేనెటీగంత ఉంటుంది, అయితే ఇంకాస్త లావుగా, ఒళ్ళంతా గోధుమరంగు నూగుతో ఉంటుంది. నల్లటి పొట్ట మీద ఉండే నీలి పట్టీలు వెంట్రుకల పట్టీలే. అందుకే ముసలి ఈగల్లో అవి అరిగి వెలిసిపోతాయి. దీనిలో ఒక జాతిని 1758లోనే స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వర్ణించాడు. అమెగిల్లా జొనాటా అని మనవాళ్ళు వ్యవహరించే రకం అదే. దీని ఎగురుడు ప్రత్యేకమైనది. తుమ్మిపూల మీదా తులసి వెన్నుల మీదా ఒక్క క్షణం గాలిలో నిలబడి, పొడవాటి నాలుక చాచి, సన్నటి స్వరంతో ఝుమ్మని మరో పూవు మీదికి దూకుతుంది. ఫోటో తీయబోతే దొరకదు. మీ ఫోటో కదిలిపోవడం కూడా ఇది అమెగిల్లా అనడానికి ఒక చిన్న సాక్ష్యం అంటే మీరు నవ్వవచ్చు.

నోమియా దీనికంటే కొంచెం సన్నం, నూగు తక్కువ. దీని పట్టీలు వెంట్రుకలవి కావు. పొట్ట పలకల అంచులే నున్నగా, వెలుగు పడే దిక్కును బట్టి నీలంగానూ ఆకుపచ్చగానూ తళతళలాడతాయి. అందువల్ల ఎంత ముసలిదైనా ఆ మెరుపు అరిగిపోదు. భూతద్దం ఉంటే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఫోనులో దగ్గరగా తీసిన స్పష్టమైన ఫోటో ఉన్నా తెలుస్తుంది.

భూతద్దం లేకపోతే నేలను చూడండి. అమెగిల్లా నిలువు గోడలను, వాలు గట్లను, నీడపట్టున ఉండే మెత్తటి మట్టిని ఇష్టపడుతుంది. పాత మట్టిగోడలు, అరుగుల పక్కలు, బోదె గట్ల వాలు దానికి తగిన చోట్లు. బల్లపరుపుగా ఉండి ఎండ పడే గట్టి నేలలో, కన్నం నోటి దగ్గర పొడిమట్టి కుప్పతో వాడకట్టుగా కనిపించే గూళ్ళు నోమియావి గాని, దాని బంధువులైన హాలిక్టస్, లాసియోగ్లాసమ్ వంటి చిన్న ఈగలవి గాని కావడానికి ఎక్కువ అవకాశం. మీరు చెప్పిన జాగా పాకకూ చెట్లకూ నడుమ చదునుగా ఉన్న ఖాళీ నేల. అందువల్ల ఫోటో చూసి అమెగిల్లా అనిపించినా, నేలను బట్టి నేను నోమియా వైపే మొగ్గుతున్నాను. అయితే పాక గోడ మట్టిదైతే, ఆ గోడ అడుగున కూడా కన్నాలు ఉన్నాయేమో చూడండి. రెండు రకాలూ ఒకే దొడ్డిలో కాపురం ఉండటం వింత కాదు.

ఇంకొక సాక్షిని కూడా వెతకండి. కన్నాల దగ్గర, పుప్పొడి లేకుండా, నల్లటి ఒంటి మీద పట్టీలు కాక మెరిసే నీలి చుక్కలతో ఒక ఈగ నెమ్మదిగా తచ్చాడుతూ, గోడ మీద వాలుతూ లేస్తూ కనిపిస్తే అది థైరియస్. కోకిల కాకిగూట్లో గుడ్డు పెట్టినట్టే, ఇది అమెగిల్లా లేని సమయం చూసి దాని గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. ఆ పిల్ల యజమాని కూడబెట్టిన పుప్పొడి తిని పెరుగుతుంది. థైరియస్ కనిపించిందంటే దగ్గరలో అమెగిల్లా గూళ్ళు ఉన్నట్టే.

ఫోటోకు అన్నిటికంటే మంచి సమయం సంధ్యవేళ. ఈ రెండు రకాల మగ ఈగలకూ గూళ్ళు ఉండవు. పొద్దు గుంకే వేళకు అవి ఎండు పుల్లలనో తులసి ఎండు వెన్నులనో దవడలతో కరచిపట్టుకుని, వరుసగా వేలాడుతూ నిద్రపోతాయి. రోజూ అదే పుల్లకు వస్తాయి కూడా. టార్చి వెలుగులో జానెడు దూరం నుంచి ఫోటో తీసినా సాధారణంగా కదలవు, మగవి కాబట్టి కుట్టవు. దొడ్డిలో కంచె పుల్లలు, ఎండిన కలుపు మొక్కలు ఒకసారి వెతకండి. నాలుగైదు స్పష్టమైన ఫోటోలు దొరికితే పట్టీల సంగతి తేలిపోతుంది. ఆడ ఈగ ఫోటో కావాలంటే, తెల్లవారుజామున ఒక కన్నం మీద గాజు గ్లాసు బోర్లించి పెట్టండి. ఎండ తగిలాక ఈగ బయటికి వచ్చి గ్లాసులో తిరుగుతుంది. ఫోటో తీసుకుని వెంటనే గ్లాసు తీసివేయాలి. ఎండలో వదిలేస్తే లోపల అది చచ్చిపోతుంది.

మీ దొడ్డినే అవి ఎందుకు ఎంచుకున్నాయని మీ నాన్నగారు అడిగారని రాశారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైనప్పటి నుంచి ఈ డెల్టాలో చదును నేల అనేది సార్వా, దాళ్వా వరి పంటలకు నీట మునిగే నేలే. నేలలో గూడు చేసే ఈగకు నీరు నిలవని, గడ్డి పట్టని, తొక్కుడుకు మరీ గట్టిపడని మట్టి కావాలి. అది ఇక్కడ దొరికేది ఏటిగట్ల మీద, పుంతల అంచుల్లో, లంకల్లో, లేదా మీలాగా మట్టి తోలి మెరక చేసుకున్న ఇళ్ళ దొడ్లలో. ఇంటి ముందు వాకిలి రోజూ కళ్ళాపితో తడిసి గట్టిపడుతుంది కాబట్టి అక్కడ కన్నం పడదు, పాక వెనుక ఎవరూ ఊడ్చని పట్టె వాటికి అనువుగా ఉంటుంది. నోమియాకు పైన పొడిగా ఉన్నా అడుగున చెమ్మ ఉన్న నేల మరీ ఇష్టం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లూసర్న్ అనే పశుగ్రాసపు విత్తనం పండించే రైతులు, ఆ పూలకు పుప్పొడి అంటించే నోమియా మెలాండరి అనే దీని బంధువు కోసం నేల అడుగున గొట్టాలతో నీరు పెట్టి, పైన ఉప్పు చల్లి, చౌడు మడులను పనిగట్టుకుని తయారుచేసి కాపాడుకుంటారు. నీళ్ళు పైపైనే ఉండి అక్కడక్కడా చౌడు తేలే మన కోనసీమ దొడ్లు ఆ కష్టం లేకుండానే అలా ఉన్నాయి.

కిరసనాయిలు, చెదల మందు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఆడ ఈగ కన్నాన్ని కిందికి తవ్వి, అడుగున పక్కలకు చిన్న చిన్న అరలు చేసి, ఒక్కొక్క అర లోపలి గోడకు తన ఒంటిలోంచి వచ్చే మైనం లాంటి ద్రవం పూసి నీరు దిగకుండా చేస్తుంది. అందులో పుప్పొడినీ మకరందాన్నీ కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, అర మూసేస్తుంది. మీరు పైన పోసిన కిరసనాయిలులో ఎక్కువ భాగం దారిలోని మట్టే పీల్చుకుంటుంది, మూసిన అరల్లోని పిల్లల దాకా సరిగా చేరదు. పైన తిరిగే మగవి పగలు కన్నాల్లోనే ఉండవు. అంటే వాసన మీకు, నిప్పు ప్రమాదం గడ్డిమేటుకు, ఈగలు మాత్రం మరునాడు మళ్ళీ కనిపిస్తాయి. చెదలకు వాడే క్లోర్‌పైరిఫాస్ ఈగను చంపుతుంది, నిజమే. కాని అది పనిచేసేది నరాల్లోని ఒక ఎంజైము మీద, ఆ ఎంజైము మీ కోళ్ళలోనూ ఆవులోనూ పసిపిల్లలోనూ ఉంది. గట్టిగా నాలుగు మూరలు తవ్వితే నీరు పడే నేలలో, బోరుకు దగ్గరలో, కోళ్ళు కెలికే చోట, వందల కన్నాల్లో దాన్ని పోయడం నేను ఒప్పుకోలేని పని. ఒంటరి ఈగ కోసం ఆ ముప్పు తెచ్చుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు.

చేయవలసిన పనులు తేలికైనవి. ఆ జాగా చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. ఆవును రెండు మూడు వారాలు మరో రాటకు కట్టండి. మగవాటి సందడి కొద్ది రోజుల్లో తగ్గుతుంది, ఆడవి మరికొన్ని వారాలు పనిచేసి చనిపోతాయి. మన వెచ్చటి వాతావరణంలో ఒకే ఏడాదిలో మళ్ళీ ఒక తరం రావచ్చు కాబట్టి, నాలుగు నెలల తరువాత మళ్ళీ కనిపిస్తే గాభరా పడవద్దు. కరెంటు తీగ మీద పసిరికపిట్టలు బారులు తీరి ఆ ఈగలను పట్టి తింటున్నా వాటిని తోలకండి.

ఈ రోజుల్లో ఆ జాగాలోని సామాను కదపవద్దు. ఇది చాలామందికి తెలియదు. ఆడ ఈగ కన్నంలోంచి బయలుదేరేటప్పుడు వెనక్కి తిరిగి, కన్నం వైపు చూస్తూ, అర్ధచంద్రాకారంగా ఎగురుతూ చుట్టుపక్కల గుర్తులు పెట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన నికో టిన్‌బెర్గెన్, 1973లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరు, తేనెటీగలను వేటాడే ఒక నేలకందిరీగ గూటి చుట్టూ పైన్ కాయలు పేర్చి, అది వేటకు వెళ్ళాక వాటిని పక్కకు జరిపి, తిరిగి వచ్చిన కందిరీగ కాయల నడుమ వెతుకుతుందే గాని గూటిని కనుక్కోలేదని చూపించాడు. తేనెటీగలు కూడా ఇలా గుర్తుల మీదే ఆధారపడతాయి. మీరు గంపనో సైకిలునో అక్కడ పెట్టినా, ఉన్నదాన్ని తీసినా, పది పదిహేను ఈగలు దారి తెలియక అక్కడే గిరగిరా తిరుగుతాయి. దాన్ని చూసి కోపంతో మూగాయని అనుకోవడం సహజం.

నడవక తప్పని దారిలోనే కన్నాలు ఉంటే, ఈ తరం ముగిశాక ఆ మేరకు కొబ్బరి పొట్టు మందంగా పరచండి, లేదా రోజూ తడిపి గడ్డి పెంచండి. కప్పిన, చిత్తడిగా ఉండే నేలను అవి వదిలేస్తాయి. వీలుంటే గోడవారగా రెండు మూడు గజాల మెరక నేలను ఖాళీగా విడిచిపెట్టండి, అక్కడికి పోతాయి. అలా విడిచిపెట్టడంలో మీకు లాభమూ ఉంది. వంగ, టమాటా పూలలో తిత్తుల్లోని పుప్పొడి బయటికి వచ్చే దారి కొన దగ్గర సన్నగా మాత్రమే ఉంటుంది. అమెగిల్లా, నోమియా లాంటి ఈగలు ఆ తిత్తిని పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రం వేగంగా అదిరిస్తే పుప్పొడి జల్లున రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. మీ వంగతోటలో పొద్దున్నే పూవు లోంచి ఝుమ్మని వినిపించి ఆగిపోతూ ఉంటే అది ఈ పనే.

కుట్టడం గురించి కూడా స్పష్టంగా ఉండాలి. ఆడ ఈగను అరికాలి కింద తొక్కినా, గుప్పిట పట్టినా కుడుతుంది. నొప్పి సాధారణంగా పెంపుడు తేనెటీగ కుట్టిన దానికంటే తక్కువ, ముల్లు కూడా శరీరంలో ఉండిపోదు. చల్లటి నీటి గుడ్డ వేస్తే సరిపోతుంది. అయితే ఎవరికైనా ఏ ఈగ కుట్టినా సరే, కుట్టిన చోట కాక ముఖమూ పెదవులూ వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం మొదలైతే పసరు వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఆ స్థితికి తక్షణం కావలసిన మందు అడ్రినలిన్ ఇంజెక్షను. ఇంట్లో ఇదివరకు అలా జరిగినవారు ఎవరైనా ఉంటే మాత్రం, నేను పైన చెప్పిన ఓపిక సలహాను పక్కన పెట్టి, వారిని ఆ వైపు అసలు వెళ్ళనివ్వకండి.

జాతి పేరు కచ్చితంగా కావాలంటే ఫోటో చాలకపోవచ్చు. అమెగిల్లాలోనూ నోమియాలోనూ దగ్గర దగ్గర జాతులను వేరుచేసేది మగ ఈగ కాళ్ళ ఆకారం వంటి సూక్ష్మమైన గుర్తులు. పసిరికపిట్టలు వదిలినవో, తనంతట చచ్చి పడినవో రెండు మూడు ఈగలు దొరికితే, దూది పెట్టిన అగ్గిపెట్టెలో ఆరబెట్టి, దొరికిన తేదీ, ఊరు, అప్పుడు అది ఉన్న పూవు లేక కన్నం వివరాలు చీటీ మీద రాసి ఉంచండి. ఆ చీటీ లేని ఈగ కీటక శాస్త్రజ్ఞుడికి పెద్దగా పనికిరాదు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయంలో కీటక శాస్త్రం వారు ఉన్నారు, మీకు దగ్గరలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. అటు వెళ్ళే పని ఉన్నప్పుడు చూపించండి. ఈలోగా అరగంట చూసిన తరువాత మీకు తెలిసిన మూడు సంగతులు, అంటే ఒక కన్నంలోకి ఎన్ని పోతున్నాయి, కాళ్ళకు ఏముంది, గోడలో ఉన్నాయా చదును నేలలో ఉన్నాయా అన్నవి, సంధ్యవేళ తీసిన ఫోటోతో కలిపి నాకు రాయండి. వాటిని చూసి అమెగిల్లానో నోమియానో చెబుతాను.